టీకింటర్ విండో తెరుచుకుంది, తెలుగూ సరిగ్గా కనిపిస్తోంది: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

గ్రంథాలయంలో పుస్తకాల నమోదు కోసం పైథాన్‌లో, విండోలు, బటన్లు తయారుచేసే టీకింటర్ లైబ్రరీతో రాస్తున్న ప్రోగ్రాంకి ఉబుంటు లినక్స్‌లో విండో రావడం లేదని మేం అడగగానే స్పందించి, ఓపిగ్గా దారి చూపించిన అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. ఇప్పుడు అన్ని మెషీన్లలోనూ నడుస్తోంది. మీరు తలా ఒక ముక్క చెప్పిన విషయాలన్నీ ఒకచోట ఉంటే ఇదే చిక్కులో పడ్డ వాళ్లకి అక్కరకొస్తాయని వివరంగా రాస్తున్నాం. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇచ్చాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు స్మాల్ లెటర్స్‌లోనే కొట్టాలి. ఎక్కడైనా క్యాపిటల్స్ కావాలంటే అక్కడే చెప్పాం.

ముందుగా, ఒక్క కమాండ్ కూడా చెప్పకుండా "అసలు నడుస్తున్నది ఏ పైథాన్?" అని అడిగిన పెద్దాయనకి నమస్కారం. ఉబుంటు మెషీన్‌లో పైథాన్ ఒకటే ఉంటుందనుకోకూడదు. సిస్టమ్‌తో వచ్చేది ఒకటి (22.04లో 3.10, 24.04లో 3.12), పైఎన్వ్‌తో (రకరకాల పైథాన్ వెర్షన్లు వేసుకునే సాధనం) వేసుకున్నది ఒకటి, అనకొండ (పైథాన్‌ని చాలా లైబ్రరీలతో కలిపి ఇచ్చే ప్యాకేజీ) ఉంటే దానిది మరొకటి. "విచ్ -ఏ పైథాన్3" కొడితే పాత్‌లో (సిస్టమ్ ప్రోగ్రాంల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో) ఉన్నవన్నీ వరసగా వస్తాయి, వాటిలో మొదటిదే నడుస్తుంది. ఎడిటర్ లోంచి నడిపేవాళ్లు దీన్ని కూడా నమ్మడానికి లేదు, ఎడిటర్‌లో ఎంచుకున్న ఇంటర్‌ప్రెటర్ వేరే కావచ్చు. అందుకే ప్రోగ్రాం మొదటి వరసలోనే సిస్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసి "సిస్.ఎగ్జిక్యూటబుల్" విలువని ప్రింట్ చేయించమన్నారు. నడుస్తున్న పైథాన్ ఫైల్ ఎక్కడుందో అదే చెప్పేస్తుంది. ఈ సంగతి తేలకుండా చెప్పే ఏ సలహా అయినా గాల్లోకి విసిరిన రాయే.

తర్వాత, ఎర్రర్ మెసేజ్‌ని అక్షరం పొల్లుపోకుండా పెట్టమని పట్టుబట్టిన వాళ్లకి. "నో మాడ్యూల్ నేమ్‌డ్ టీకింటర్" అనేది ఒక ఎర్రర్. అదే పేరుకి ముందు అండర్‌స్కోర్ ఉంటే అది పూర్తిగా వేరే ఎర్రర్. పైకి చూస్తే ఒకేలా ఉంటాయి కాబట్టి చాలామంది ఒకటే అనుకుని ఒకదాని మందు ఇంకొకదానికి వాడతారు. టీకింటర్‌లో రెండు పొరలున్నాయి. పైన పైథాన్‌లో రాసిన టీకింటర్ ఫోల్డర్, దాని కింద సీ భాషలో రాసి కంపైల్ చేసిన అండర్‌స్కోర్ టీకింటర్. ఈ రెండోది విండోలను నిజంగా గీసే టిక్ల్, టీకే లైబ్రరీలతో మాట్లాడుతుంది. అండర్‌స్కోర్ లేని ఎర్రర్ వస్తే పై పొరే లేదన్నమాట. డెబియన్, ఉబుంటు సిస్టమ్ పైథాన్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. సర్వర్ల మీద గ్రాఫిక్స్ లైబ్రరీలు అనవసరంగా చేరకూడదని అక్కడ టీకింటర్‌ని వేరే ప్యాకేజీగా పెట్టారు. "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-టీకే" కొడితే సరిపోతుంది. ఫెడోరాలో అదే ప్యాకేజీ పేరు "పైథాన్3-టీకింటర్". ఆర్చ్‌లో "టీకే" వేస్తే చాలు. అండర్‌స్కోర్‌తో వస్తే మాత్రం పై పొర ఉంది, కింది పొర కంపైల్ కాలేదు. పైఎన్వ్ పైథాన్లలో వచ్చేది ఇదే, మా మెషీన్లలో ఉన్నదీ ఇదే.

ఆప్ట్ ప్యాకేజీ వేశాక కూడా పైఎన్వ్ పైథాన్‌లో అదే ఎర్రర్ ఎందుకు వస్తుందో ఒకరు చక్కగా విడమరిచారు. ఆ ప్యాకేజీ తెచ్చే ఫైల్ పేరులోనే "సీపైథాన్-312" లాంటి ముక్క ఉంటుంది. అది ఆ వెర్షన్ సిస్టమ్ పైథాన్ కోసం కట్టిన ఫైల్, వెళ్లేది కూడా ఆ పైథాన్ ఫోల్డర్‌లోకే. హోమ్ ఫోల్డర్‌లో విడిగా ఉన్న పైఎన్వ్ పైథాన్ అటువైపు చూడనే చూడదు. ఆ ఫైల్‌ని కాపీ చేసి పెడితే పోలా అనిపిస్తుంది కానీ ఆ పని చేయకండి, వెర్షన్ తేడా ఉంటే లోడ్ కాదు.

పిప్ (పైథాన్ లైబ్రరీలను నెట్ నుంచి తెచ్చి వేసే కమాండ్) గురించి హెచ్చరించిన వాళ్లకి ప్రత్యేకంగా ధన్యవాదాలు. టీకింటర్ పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీలో భాగం, పిప్‌తో వచ్చేది కాదు. "పిప్ ఇన్‌స్టాల్ టీకింటర్" కొడితే అలాంటి ప్యాకేజీ లేదనే జవాబు వస్తుంది. "పిప్ ఇన్‌స్టాల్ టీకే" కొడితే ఇంకా ఇబ్బంది, ఎందుకంటే అది విజయవంతంగా ఇన్‌స్టాల్ అవుతుంది! కానీ ఆ పేరుతో పైపైలో (పిప్ లైబ్రరీలు తెచ్చుకునే చోటు) ఉన్నది టెన్సర్‌కిట్ అనే వేరే లైబ్రరీ, విండోలతో దానికి సంబంధమే లేదు. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఆ "సక్సెస్‌ఫుల్లీ" అన్న మాట చూసి టీకే వచ్చేసిందనుకుంటారు.

అసలు పరిష్కారం ఇది. పైఎన్వ్ మన మెషీన్‌లోనే పైథాన్‌ని సోర్స్ నుంచి కంపైల్ చేస్తుంది. ఆ సమయానికి టీకే హెడర్ ఫైళ్లు (కంపైల్ చేసేటప్పుడు ఆ లైబ్రరీ వివరాలు చెప్పే ఫైళ్లు) ఉంటేనే కింది పొర తయారవుతుంది. లేకపోతే కంపైలేషన్ ఆగదు, టీకింటర్‌ని వదిలేసి మిగతాది పూర్తి చేసేస్తుంది, ఎందుకంటే అది తప్పనిసరి మాడ్యూల్ కాదు. కంపైల్ లాగ్‌లో చివరి దగ్గర, కొన్ని ఆప్షనల్ మాడ్యూళ్లకి కావలసిన సరుకు దొరకలేదని ఒక జాబితా వస్తుంది. అక్కడ చూడమన్న మిత్రుడి సూచన వల్ల ఇంకో ప్రమాదం కూడా తప్పింది. అదే జాబితాలో ఫైళ్లని కుదించే బీజెడ్2, ఎల్‌జెడ్ఎంఏ, డేటాబేస్‌కి వాడే ఎస్‌క్యూలైట్3 లాంటివి కూడా ఉండొచ్చు. పుస్తకాల వివరాలు ఎస్‌క్యూలైట్‌లో దాచే ప్రోగ్రాం అయితే విండో వచ్చాక తర్వాతి అడుగులోనే మళ్లీ పడిపోతుంది. అందుకని ఒకేసారి "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ టీకే-డెవ్ లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్ లిబ్‌బీజెడ్2-డెవ్ లిబ్‌ఎల్‌జెడ్ఎంఏ-డెవ్" వేసి, ఆ తర్వాత "పైఎన్వ్ ఇన్‌స్టాల్ --ఫోర్స్" పక్కన అదే వెర్షన్ నంబర్ పెట్టి మళ్లీ కట్టించాలి. టీకే-డెవ్ వేసి ఊరుకుంటే ఏమీ మారదు. హెడర్లు కావలసింది కంపైల్ అయ్యేటప్పుడు, ముందే కట్టేసిన పైథాన్ వాటిని పట్టించుకోదు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ని (ఒక్కో ప్రోగ్రాం లైబ్రరీలని విడిగా ఉంచే ఫోల్డర్) మళ్లీ చేయనక్కర్లేదు. దాని లోపలి పైథాన్ అసలు పైథాన్‌కి లింకే కాబట్టి, చోటూ వెర్షనూ మారకపోతే కొత్తగా కట్టింది దానికీ అందుతుంది.

సరైందో లేదో చూడడానికి సొంత ప్రోగ్రాం నడపొద్దు, "పైథాన్3 -ఎం టీకింటర్" కొట్టమన్నారు. ఒక చిన్న విండో వస్తుంది. అందులో టిక్ల్/టీకే వెర్షన్, దాని కింద "క్లిక్ మి!", "క్విట్" అనే రెండు బటన్లు ఉంటాయి. మొదటి బటన్ నొక్కిన ప్రతిసారీ దాని మీది మాట చుట్టూ ఒక జత చదరపు బ్రాకెట్లు చేరుతాయి. చేరుతున్నాయంటే విండో గీయడమే కాదు, మౌస్ క్లిక్ పైథాన్ దాకా వెళ్లి తిరిగి వస్తోందని రుజువు. ఈ విండో వచ్చి కూడా సొంత ప్రోగ్రాం పడిపోతుంటే ముందుగా ఆ ఫోల్డర్‌లో "టీకింటర్.పీవై" అనే పేరుతో ఏదైనా ఫైల్ ఉందేమో చూడాలి. ఉంటే పైథాన్ అసలు లైబ్రరీకి బదులు దాన్నే ఇంపోర్ట్ చేస్తుంది. పేరు మారిస్తే తీరిపోతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ మీద (నెట్‌వర్క్ ద్వారా వేరే మెషీన్‌లోకి లాగిన్ అయి) నడిపినప్పుడు వచ్చే "నో డిస్‌ప్లే నేమ్" ఎర్రర్ ఇన్‌స్టలేషన్ తప్పు కాదు. టీకింటర్ బాగానే ఉంది, విండో గీయడానికి తెర లేదు, అంతే. "ఎస్‌ఎస్‌హెచ్ -ఎక్స్" (ఇక్కడ ఎక్స్ క్యాపిటల్) తో లాగిన్ అవ్వాలి, తెర అక్కర్లేని పరీక్షలకైతే, ఉత్తుత్తి తెరని ఇచ్చే "ఎక్స్‌వీఎఫ్‌బీ-రన్" ముందు పెట్టి నడపాలి.

ఇక మాకు అన్నిటికంటే విలువైన సాయం తెలుగు విషయంలో అందింది. విండో వచ్చింది కానీ లేబుళ్ల మీద ఒత్తులన్నీ విడిపోయాయి. "స్త్రీ" అన్న మాట యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వీటిని కలిపి ఒక్క అక్షరంగా, తావత్తు క్రావడి ఎక్కడెక్కడ కూర్చోవాలో చూసి పేర్చే పనిని షేపింగ్ అంటారు. ఆ నియమాలు ఫాంట్‌లోనే ఉంటాయి. కానీ వాటిని చదివి అమలు చేసే ఇంజిన్ వేరే ఉండాలి. లినక్స్‌లో టీకే 8.6 వాడే ఎక్స్‌ఎఫ్‌టీ (తెర మీద అక్షరాలు గీసే లైబ్రరీ) ఆ పని చేయదు, ఒక్కో గుర్తుని పక్కపక్కన పెట్టేస్తుంది. విండోస్‌లో, మ్యాక్‌లో ఆపరేటింగ్ సిస్టమే షేపింగ్ చేసిపెడుతుంది కాబట్టి అదే ప్రోగ్రాం అక్కడ చక్కగా కనిపిస్తుంది. "ఫాంట్లు మార్చి చూస్తూ కాలం పోగొట్టుకోకండి. లోహిత్ పెట్టినా, నోటో పెట్టినా ఇంతే" అని ఒకరు సూటిగా చెప్పారు. ఆ మాట ఎంత మేలు చేసిందో! తెలుగు లేబుళ్లున్న ప్రోగ్రాం లినక్స్‌లో నడవాలంటే షేపింగ్ చేసే హార్ఫ్‌బజ్ ఇంజిన్ వాడే టూల్‌కిట్‌కి (విండోలు తయారుచేసే వేరే లైబ్రరీకి) మారాలి. క్యూటీ, జీటీకే రెండూ దాన్నే వాడతాయి. ఇంగ్లీషు లేబుళ్లు చాలనుకుంటే టీకింటరే తేలిక, మారనక్కర్లేదు.

మేం పైసైడ్6కి (క్యూటీని పైథాన్ నుంచి వాడుకునే లైబ్రరీ) మారాం. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో "పిప్ ఇన్‌స్టాల్ పైసైడ్6" చాలు, కంపైల్ చేయాల్సిన పని లేదు. అయితే నడపగానే "ఎక్స్‌సీబీ" ప్లాట్‌ఫాం ప్లగిన్ (విండోని తెర మీదికి తెచ్చే క్యూటీ భాగం) కనబడింది గానీ లోడ్ కాలేదని ఒక పొడుగాటి మెసేజ్ రావచ్చు. అప్లికేషన్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే బాగుపడొచ్చని అందులోనే రాసి ఉంటుంది. దాన్ని నమ్మి పిప్‌తో ఎన్నిసార్లు తీసి వేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే లేనిది పిప్ తెచ్చే ఫైల్ కాదు. క్యూటీ 6.5 నుంచి ఈ ప్లగిన్‌కి సిస్టమ్‌లో ఎక్స్‌సీబీ కర్సర్ లైబ్రరీ ఉండాలి. "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌ఎక్స్‌సీబీ-కర్సర్0" కొడితే విండో వచ్చేస్తుంది. ఈ మాట చెప్పిన చెల్లెమ్మ, దానితోపాటు వెతికే పద్ధతి కూడా నేర్పింది. పైసైడ్6 ఫోల్డర్ లోపల క్యూటీ, ప్లగిన్స్, ప్లాట్‌ఫామ్స్ దారిలో "లిబ్‌క్యూఎక్స్‌సీబీ.ఎస్‌ఓ" ఉంటుంది (ఫోల్డర్ పేర్లలో పైసైడ్6కి పీ, ఎస్, క్యూటీకి క్యూ క్యాపిటల్). దాని మీద "ఎల్‌డీడీ" కమాండ్ నడిపి "నాట్ ఫౌండ్" అని ఉన్న వరసలు చూస్తే ఏ లైబ్రరీ లేదో పేరుతో సహా తెలిసిపోతుంది. రేపు ఇంకో వెర్షన్‌లో ఇంకో లైబ్రరీ అవసరమైనా ఈ పద్ధతి పనికొస్తుంది.

ఆ మెసేజ్‌లో "సీవీ2" ఫోల్డర్ దారి కనిపిస్తే మాత్రం కారణం వేరు. ఓపెన్‌సీవీ (బొమ్మలు, వీడియోలతో పనిచేసే లైబ్రరీ, పైథాన్‌లో దాని పేరే సీవీ2) లినక్స్ ప్యాకేజీ తన సొంత క్యూటీ ప్లగిన్లను వెంట తెచ్చుకుని ప్లగిన్ దారిని అటు తిప్పేస్తుంది, రెండు క్యూటీలూ గొడవపడతాయి. "ఓపెన్‌సీవీ-పైథాన్" తీసేసి "ఓపెన్‌సీవీ-పైథాన్-హెడ్‌లెస్" వేయాలి. అందులో బొమ్మ చూపించే ఇమ్‌షో విండోలు ఉండవు. బొమ్మలు చూపించే పని ఎలాగూ క్యూటీదే కాబట్టి లోటు రాదు.

ఇలాంటి సమస్యతో ఎవరైనా అడగదలచుకుంటే ఈ నాలుగూ ముందే ఇవ్వండి: సిస్.ఎగ్జిక్యూటబుల్ చూపించిన దారి, పైథాన్ వెర్షన్, ఉబుంటు వెర్షన్, ఎర్రర్ మొత్తం (అండర్‌స్కోర్‌తో సహా). మాకు సాయం చేసిన వాళ్లకి వీటిని మళ్లీ మళ్లీ అడగాల్సిన శ్రమ తగ్గుతుంది. మాకు తెలిసినంతవరకు మేమూ జవాబిస్తాం. మరోసారి అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.