‘అండమాన్‌లో డైవ్ చేశాం కదా’ అనే మా అతిథులకు

వచ్చే మార్చి నుంచి మా దగ్గర బుక్ చేసుకున్నవారికీ, చేసుకుందామా అని ఆలోచిస్తున్నవారికీ ఈ ఉత్తరం. తీరిక లేనివారి కోసం ముందే చెప్పేస్తాను. ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రాలో స్కూబా డైవ్‌కి, అంటే సిలిండర్ కట్టుకుని నీటిలోకి దిగడానికి, ఇకపై ఒక గైడ్ వెంట ఇద్దరినే తీసుకెళతాం, ముగ్గురిని కాదు. డ్రై సూట్ (నీరు లోపలికి రానివ్వని దుస్తులు) కోర్సు నిన్న ముగించి ఇవాళ సిల్ఫ్రాలో దిగే ప్యాకేజీని ఎత్తేశాను. డైవ్ ధర పెరిగింది, స్నార్కెలింగ్ (ముఖం నీటిలో పెట్టి పైనే తేలుతూ చూడడం) ధర పాతదే. ఎందుకని అడిగేవారు కాస్త స్థిమితంగా కూర్చోండి. కథ కొంచెం పెద్దది, అందులో తప్పు నాదే.

కొత్తవారికి రెండు మాటలు. సిల్ఫ్రా ఐస్‌లాండ్‌లో, రేక్యావిక్ నుంచి కారులో ముప్పావు గంట దూరాన, థింగ్‌వెట్లిర్ జాతీయ ఉద్యానంలో ఉంది. నేల చీలి, ఆ చీలికలో నీరు నిండిన చోటు. లాంగ్‌యోకుల్ అనే హిమానీనదం కరిగిన నీరు దాదాపు 50 కిలోమీటర్లు లావా రాతి పొరల్లో ఇంకుతూ, వడపోసుకుంటూ వచ్చి ఇక్కడ ఊటగా పైకి లేస్తుంది. ఆ ప్రయాణానికి 30 నుంచి 100 ఏళ్లు పడుతుందంటారు. అంటే మీరు దిగే నీరు మీ తాతగారి పెళ్లినాటి మంచు కావచ్చు. ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే ఉంటుంది, పారుతూనే ఉంటుంది కాబట్టి గడ్డకట్టదు. నీటిలో చూపు నూరు మీటర్లు దాటి ఆనుతుంది. దాహం వేస్తే దోసిటపట్టి తాగవచ్చు. కిందటేడు వచ్చిన ఒక పెద్దావిడ మూడుసార్లు తీర్థం పుచ్చుకుని, తడిచేతిని తలకు రాసుకుని, ఆ తర్వాతే ముఖం నీటిలో పెట్టారు.

ఇంతకాలం మా ప్రకటనల్లో ఒక మాట రాస్తూ వచ్చాను, అదీ సరిదిద్దుకోవాలి. ‘ఒక చేత్తో అమెరికాను, ఇంకో చేత్తో యూరప్‌ను తాకండి’ అని. ఫొటోకు బాగుంటుంది, నిజానికి అంత దగ్గరగా ఉండదు. భూమి పైపొరలోని ఉత్తర అమెరికా, యురేషియా ఫలకాలు ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్లు ఎడమవుతున్న మాట నిజమే. ఆ లాగుడుకు ఇక్కడి నేల కొన్ని కిలోమీటర్ల వెడల్పున కుంగి, బోలెడు పగుళ్లు ఇచ్చింది. సిల్ఫ్రా వాటిలో ఒకటి, 1789 నాటి భూకంపాలకు నోరు తెరిచింది. కాబట్టి రెండు చేతులు చాచి మీరు తాకేది ఒకే పగులుకు రెండు గోడలు, అంతే. ఆ ఫొటో తీయమంటే ఇప్పటికీ తీస్తాను. ఖండాల పేరు చెప్పి మాత్రం డబ్బు తీసుకోను.

ఇక అసలు సంగతి.

పోయిన సెప్టెంబరులో జర్మనీ నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు, మన గుంటూరు వైపువాడు. సిల్ఫ్రాలో డైవ్ చేయాలంటే డ్రై సూట్ సర్టిఫికెట్ అయినా ఉండాలి, లేదా డ్రై సూట్‌లో పది డైవ్‌లు చేసినట్టు రాతపూర్వకమైన ఆధారమైనా ఉండాలి. 2017లో ఇక్కడ ప్రాణాలు పోయాక పార్కు నిబంధనలను బిగించారు. కుర్రవాడు లాగ్‌బుక్ (చేసిన డైవ్‌లు రాసుకునే పుస్తకం) చూపించాడు, పదకొండు డైవ్‌లు. నేను అంకెలు చూశానే తప్ప పేజీలు తిప్పలేదు. తెలుగువాడు, ‘అన్నా’ అన్నాడు, నవ్వుతున్నాడు. ఆ పదకొండులో ఎనిమిది, నీరు లోపలికి వచ్చే మందపాటి వెట్ సూట్‌లో చేసినవని తర్వాత తెలిసింది. అతను అబద్ధం చెప్పలేదు. మందపాటి సూట్ వేసుకున్నాను కదా, అదే డ్రై సూట్ అనుకున్నాడు. చూసుకోవలసినవాణ్ని నేను.

డ్రై సూట్‌లో నీరు లోపలికి రాదు, గాలి ఉంటుంది. లోతుకు వెళ్లేకొద్దీ ఆ గాలి నొక్కుకుపోతుంది, ఛాతీ మీది మీట నొక్కి కొంత నింపుకోవాలి. పైకి వచ్చేటప్పుడు అదే గాలి ఉబ్బుతుంది, భుజం మీది కవాటంలోంచి వదిలేయాలి. వినడానికి ఇంతే. సిల్ఫ్రాలో చిక్కు ఏమిటంటే దారి ఒకే లోతున సాగదు. పది పన్నెండు మీటర్లు దిగి, బండరాళ్ల మీదుగా రెండు మీటర్ల లోతుకు తేలి, మళ్లీ దిగుతాం. గాలి అన్నిటికంటే ఎక్కువగా ఉబ్బేది ఆ చివరి కొన్ని మీటర్లలోనే. అండమాన్ సముద్రంలో పగడాల మీద తేలుతూ ముప్పై డైవ్‌లు చేసినవారికైనా ఇది కొత్తే.

ఆ రోజు మా వెనుక ఇంకో రెండు బృందాలు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాయి. మామూలుగా మెట్లు దిగగానే అక్కడి ఇనుప వేదిక పక్కన ప్రతి ఒక్కరి చేతా కవాటం తెరిపించి, మూయించి, కాళ్లు పైకి లేస్తే ఎలా దొర్లాలో చేయించి చూస్తాను. పది నిమిషాల పని. ఆ రోజు రెండు నిమిషాల్లో కానిచ్చాను. కుర్రవాడి కవాటం సగం బిగించే ఉంది.

మొదటి బండల దగ్గర పైకి తేలుతున్నప్పుడు వెనక్కి తిరిగి చూశాను. అతని కాళ్ల ఫిన్లు ముందుగా కనిపించాయి, ఆ తర్వాత తల, అదీ కిందుగా. గాలంతా కాళ్లలోకి చేరి సూట్ బూరెలా పొంగింది. కంగారులో గాలి వదిలే కవాటానికి బదులు నింపే మీట నొక్కాడు. దానికి తోడు రొప్పుతున్నాడు. చన్నీటిలో ఈ రెండూ ఒకేసారి జరగకూడదు. సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడిలో ఉన్న గాలి ఒక్కసారిగా వ్యాకోచించేటప్పుడు విపరీతంగా చల్లబడుతుంది. చుట్టూ ఉన్న నీరు ఎలాగూ రెండు డిగ్రీలే. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌లో మంచు పలుకులు కట్టి, దాని లోపలి మీట తెరుచుకున్న చోటే ఇరుక్కుంటుంది. గాలి ఆగిపోదు, ఆగకుండా తన్నుకు వస్తుంది. నోటి దగ్గర పెద్ద కుళాయి విప్పినట్టుంటుంది, ఎదురుగా బుడగలు తప్ప ఏమీ కనబడదు, సిలిండర్ చూస్తూండగానే ఖాళీ అవుతుంది.

అందుకే మా సిలిండర్లన్నిటికీ రెండు మూతులు, రెండు వేరువేరు రెగ్యులేటర్లు ఉంటాయి. అతన్ని నడుము దగ్గర పట్టుకుని తిప్పాను, రెండోది నోట్లో పెట్టాను, గడ్డకట్టినదాని మర కట్టేశాను. లోతు రెండు మీటర్లు కాబట్టి మరుక్షణంలో పైకి వచ్చాం. దెబ్బ తగల్లేదు. వ్యాను దగ్గర చేతికి వేడి చాక్లెట్ ఇస్తే కప్పు పళ్లెం లేకుండానే గలగలలాడింది. అతను ‘సారీ అన్నా’ అన్నాడు. ఆ మాట అనవలసింది నేను. అన్నాను, డబ్బు మొత్తం తిరిగి ఇచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి మారినవి ఇవీ. లాగ్‌బుక్ ప్రతి పేజీ ఫొటో తీసి పంపాలి, సంతకాలు కనబడేలా. డ్రై సూట్ డైవ్‌లలో చివరిది రెండేళ్లలోపు చేసినదై ఉండాలి. బుకింగ్‌కు ముందు నేను స్వయంగా ఫోనులో మాట్లాడతాను, పావుగంట పడుతుంది, విసుక్కోవద్దు. కోర్సు ఇప్పటికీ నేర్పుతాం, కానీ కోర్సు అయ్యాక ఇంకెక్కడైనా కొన్ని డైవ్‌లు చేసి చేయి తిరిగాకే సిల్ఫ్రా. మీరుండేది జర్మనీలోనో ఇంగ్లండ్‌లోనో అయితే అక్కడి క్వారీ చెరువులే మంచివి. బురదనీటిలో అలవాటైనవాడికి ఇక్కడ పండగే. ఇద్దరికో గైడ్ అంటే మాకు రాబడిలో మూడోవంతు పోతుంది. అందులో కొంత ధరలో కలిపాను, మిగతాది మేమే భరిస్తున్నాం. మా ఆవిడ లెక్కలు చూసి ఒక నిట్టూర్పు విడిచింది, వద్దని మాత్రం అనలేదు.

ఇప్పుడు నా వ్యాపారానికి చేటు చేసే మాట ఒకటి. మీలో చాలామందికి డైవ్ అక్కర్లేదు. సిల్ఫ్రాలో 63 మీటర్ల దాకా లోతున్న చోట్లున్నా 18 దాటి దిగడానికి వీల్లేదు. నీరు గాజులా ఉంటుంది కాబట్టి పైన తేలుతూ చూసినా అడుగున గులకరాళ్లు లెక్కపెట్టవచ్చు. స్నార్కెలింగ్‌కీ డ్రై సూటే వేస్తాం, అది మిమ్మల్ని మునగనివ్వదు. వెళ్లే దారి అదే. ఇరుకు పగులు, ఆ తర్వాత హాలు, ఆ తర్వాత కెథడ్రల్ అని పిలిచే పొడవాటి గది, చివర్న మడుగు. నీటి వాలే మెల్లగా తీసుకెళుతుంది. మడుగులో ఎడమకు తిరగడం మాత్రం మరవకూడదు, తిన్నగా పోతే థింగ్‌వల్లావత్న్ సరస్సులో తేలతారు. రాళ్లకు పట్టిన పచ్చటి నాచును ఇక్కడివాళ్లు ట్రోల్ జుట్టు అంటారు, ట్రోల్ అంటే వాళ్ల కథల్లోని రాక్షసుడు. చేపల కోసం వచ్చేవారు నిరాశపడతారు, పగుల్లో అవి అరుదు. చూడవలసింది నీలం. కెథడ్రల్ మొదట్లో నిలబడితే ఆ చివర దాకా కనిపిస్తుంది, మధ్యలో నీరున్నట్టే ఉండదు. కొందరికి ఎత్తు నుంచి పడిపోతున్నట్టు కళ్లు తిరుగుతాయి. అలా అయితే నా భుజం పట్టుకోండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

చలి గురించి అందరూ అడుగుతారు. ఒంటికి చలి వేయదు, లోపల దుప్పటి లాంటి దుస్తులుంటాయి. చేతులకు వేస్తుంది, ఎందుకంటే చేతి తొడుగుల్లోకి నీరు వస్తుంది. పెదవులు మొద్దుబారి, పంటి డాక్టరు సూది వేసినట్టవుతాయి. అరగంట తర్వాత బయటికి వచ్చి మాట్లాడబోతే ‘ప’ పలకదు.

మనవాళ్లకు ప్రత్యేకంగా కొన్ని మాటలు, మా గైడ్‌లకు ఇవి చెప్పడం రాదు కాబట్టి నేనే చెప్పాలి. తలకు కొబ్బరినూనె రాసుకుని రావద్దు. మెడ దగ్గరి సీలు రబ్బరుది, నూనె తగిలితే మెత్తబడి చీలిపోతుంది. పోయిన ఏడాది మూడు సీళ్లు అలాగే పోయాయి, ఎవరినీ డబ్బు అడగలేదు, ఇకపై అడుగుతాను. జుట్టు జడ వేసుకోండి, ముడి వద్దు, టోపీ ఎక్కదు. సీలు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా దాని వెంటే సన్నని ధారలా రెండు డిగ్రీల నీరు వీపు మీదికి దిగుతుంది. ఒకమ్మాయికి అలా దిగితే ఆమె వేసిన కేక సరస్సు అవతలి ఒడ్డుకు వినిపించి ఉంటుంది. గాజులు హోటల్లోనే తీసేయండి. మంగళసూత్రం తీయక్కర్లేదు, సీలు కిందికి జారితే చాలు. గడ్డం ఉన్నవారు మెడ మీదంతా నున్నగా గీసుకుని రావాలి. ఈత రానివారు దయచేసి వచ్చిందని చెప్పవద్దు. సూట్ తేలుతుంది కదా అని వాదించవద్దు. సూట్ తేలుతుంది, మనసు తేలదు.

రద్దుల సంగతి. రేక్యానెస్ ద్వీపకల్పంలో 2021 నుంచి అగ్నిపర్వతాలు రాజుకుంటూ ఉన్నాయి, 2023 నవంబరులో గ్రిండవిక్ ఊరినే ఖాళీ చేయించారు. వార్త వచ్చిన ప్రతిసారీ హైదరాబాదు నుంచి, డాలస్ నుంచి అమ్మలు ఫోను చేస్తారు. సిల్ఫ్రా అక్కడికి దూరం, మా పని ఆగలేదు. మమ్మల్ని ఆపేది శీతాకాలపు గాలి. రోడ్డు మూసేస్తే నేనేమీ చేయలేను, ఆ రోజుకు పూర్తి డబ్బు వాపసు. షెంగెన్ వీసా సమయానికి రాకపోయినా పూర్తి వాపసు, తిరస్కరణ కాగితం చూపిస్తే చాలు. ముందురోజు రాత్రి ‘మా ఆయనకు భయమేస్తోంది’ అని మెసేజ్ పెడితే సగం వాపసు. భయం మంచిదే, కాస్త ముందుగా వేయించుకోండి.

ఇప్పటికే ముగ్గురి బృందంగా డైవ్ బుక్ చేసుకున్నవారు మొత్తం నాలుగు కుటుంబాలు. మీ నాలుగు కుటుంబాలకూ పాత ధరే, అదనపు గైడ్ ఖర్చు నాది. లాగ్‌బుక్ ఫొటోలు మాత్రం ఫిబ్రవరి నెలాఖరులోగా పంపండి. సర్టిఫికెట్ లేకుండా, డ్రై సూట్ డైవ్‌లు పదికి తక్కువ ఉన్నవారిని స్నార్కెలింగ్‌కి మార్చి, తేడా డబ్బు వెనక్కి పంపిస్తాను. అది ఇష్టం లేకపోతే మొత్తం పంపించేస్తాను. జర్మనీ కుర్రవాడు మళ్లీ మేలో వస్తున్నాడు. ఈసారి పంతొమ్మిది డైవ్‌లు, అన్నీ డ్రై సూట్‌లోనే. పేజీ పేజీ చూశాను.