ఏ.ఎం. రాజా పాటల సాయంత్రానికి చేయి వేసిన వారందరికీ కృతజ్ఞతలు

ఏప్రిల్ 8న చిత్తూరులో పాతతరం సినిమా గాయకుడు ఏ.ఎం. రాజా వర్ధంతికి పెట్టుకున్న పాటల సాయంత్రం అనుకున్నదానికంటే బాగా జరిగింది. అనుకున్నదానికంటే చాలా ఆలస్యంగా ముగిసింది కూడా. హాలు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ వాచ్‌మన్ గారు చివరికి తానే ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మొదటి కృతజ్ఞత ఆయనకే.

"మీకు ఇష్టమైన రాజా పాట ఒకటి చెప్పండి, రికార్డు గానీ క్యాసెట్ గానీ ఉంటే ఒక్క పూట ఇప్పించండి" అని తెలిసినవారినీ తెలియనివారినీ అడిగాను. ఒకటి చెప్పమంటే ఒక్కటే చెప్పినవారు లేరు. ఘంటసాల పాటలు కావాలని అడిగినవారు మాత్రం బాగానే ఉన్నారు. వారితో నాకు పేచీ లేదు. అయితే ఘంటసాలను తలచుకునేవారు ఊరూరా ఉన్నారు, రాజాను మనం తలచుకోకపోతే ఇంకెవరు తలచుకుంటారు? ఆయన ఉమ్మడి చిత్తూరు జిల్లా రామాపురంలో 1929 జులై 1న పుట్టారు. ఆయన పెళ్లాడిన గాయని జిక్కి పుట్టింది చంద్రగిరిలో. ఇద్దరూ మన మట్టివారే.

రికార్డు ప్లేయర్ తెచ్చిన లెక్కల మాస్టారికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. దాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. ముల్లు మీద మరెవరి చేయీ పడనివ్వలేదు. ప్రతి రికార్డునూ మెత్తని గుడ్డతో తుడిచి, అంచులు పట్టుకుని పెట్టి, పాట అయ్యేవరకు పక్కనే నిలబడ్డారు. మధ్యలో కాఫీ ఇవ్వబోతే కళ్లతోనే వద్దన్నారు.

'మిస్సమ్మ' (1955) పాటల పుస్తకం తెచ్చిన అమ్మగారికి ప్రత్యేకంగా నమస్కారాలు. సినిమా హాలు దగ్గర అమ్మే ఆ పల్చటి పుస్తకాన్ని వాళ్లమ్మగారు దాచి ఉంచారట. అట్ట పోయింది. పేజీలు ముట్టుకుంటే పొడి రాలుతోంది. నచ్చిన పాటల పక్కన పెన్సిలు గీతలు మాత్రం చెక్కుచెదరలేదు. అందులో 'రావోయి చందమామ'కు ఉంది, 'బృందావనమది అందరిది'కి లేదు. ఇక హాలంతా రెండు జట్లయింది. బృందావనం జట్టు గట్టిగానే వాదించింది: రాజాతో సుశీల పాడిన ఆ పాట వరస నచ్చబట్టే కదా, హిందీలో తీసిన 'మిస్ మేరీ'కి కూడా తీసుకున్నారు, రఫీ, లత పాడారు అని. చందమామ జట్టు దగ్గర అంతకంటే పెద్ద ఆయుధం ఉంది. ముందు వరసలో కూర్చున్న తమిళ పెద్దాయన లేచి 'వారాయో వెణ్ణిలావే' ఎత్తుకున్నారు. అదే వరస. తమిళంలోనూ పాడింది అదే రాజా, అదే పి. లీల. సరిహద్దు జిల్లాలో బతకడంలో ఉన్న సుఖం ఇదే, ఎవరికీ అనువదించి చెప్పనక్కర లేకపోయింది. ఆయన గొంతు పైస్థాయిలో కొంచెం వణికింది గానీ, చప్పట్లు ఆయనకే ఎక్కువ పడ్డాయి.

నన్నడిగితే రాజా పాటల్లో మేటివి 'విప్రనారాయణ' (1954)లోనివి. సాలూరి రాజేశ్వరరావు వరసలు, తెర మీద అక్కినేని. 'పాలించర రంగా' వింటే నా మాట ఒప్పుకుంటారు. వేడుకోలు పాట కదా అని ఏడుపు కలపలేదు రాజా. గొంతు పెంచరు, పదాన్ని నొక్కరు. పక్కన కూర్చున్న ఒక్కరికి చెబుతున్నట్టు పాడతారు. ఆ రికార్డు నేను ఎంత వెతికినా దొరకలేదు. తిరుపతి నుంచి ఒక బట్టల వ్యాపారి తన కొట్టు కుర్రవాడి చేత బస్సులో పంపించారు. ఆయన ముఖం కూడా నేను చూడలేదు. మీకు రుణపడి ఉన్నాను.

కేరళ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన నర్సు గారు 'పెరియారే పెరియారే' వినిపించారు. మలయాళంలో 1962 నాటి 'భార్య'లోది, రాజా, సుశీల పాడిన పాట. రాజాను అక్కడ ఇంతగా ప్రేమిస్తారని ఆమె చెబితే గానీ మాలో చాలామందికి తెలియలేదు.

'పక్కింటి అమ్మాయి' (1953) కథ చెప్పి నవ్వించిన తెలుగు పంతులమ్మ గారికి కూడా ధన్యవాదాలు. పాట రాని నాయకుడు రేలంగి పెదవులు కదుపుతుంటే, చాటు నుంచి పాడే స్నేహితుడిగా రాజాయే నటించారు. అదే కథతో వచ్చిన హిందీ సినిమా గుర్తొచ్చి కుర్రవాళ్లు 'పడోసన్' అని అరిచారు. అదే కథను 1981లో తెలుగులో మళ్లీ తీసినప్పుడు ఆ స్నేహితుడి వేషం బాలసుబ్రహ్మణ్యం వేశారు.

1989 ఏప్రిల్ 8న కచేరీ చేయడానికి వెళుతూ, తమిళనాడు వళ్లియూరు స్టేషనులో రైలు ఎక్కబోతూ జారిపడి రాజా చనిపోయారు. ఇంకా అరవై నిండలేదు. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒకాయన ఆ మాట చెప్పి, ఇక చెప్పలేక కూర్చుండిపోయారు. అప్పుడు ఏ పాట పెట్టాలో మాస్టారిని ఎవరూ అడగలేదు. ఆయనే 'పెళ్లికానుక' (1960) రికార్డు బయటికి తీశారు. సంగీతం రాజాది, పాడింది జిక్కి: 'పులకించని మది పులకించు'.

ఆ తరువాత మాటంతా జిక్కి వైపు మళ్లింది. రాజా పోయాక కూడా ఆమె పాడారు. 'ఆదిత్య 369' (1991)లో 'జాణవులే'లో బాలు పక్కన వినిపించే గొంతు ఆమెది. 'మురారి' (2001)లో 'అలనాటి రామచంద్రుడి' పాడినవారిలో ఆమె ఉన్నారు. పెళ్లిళ్లలో ఆ పాట పాడీ పాడీ అలసిపోయామన్న కాలేజీ అమ్మాయిలు ఇది విని నోరు తెరిచారు. పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించిపెట్టింది కూడా ఆ అమ్మాయిలే. పరీక్షల రోజుల్లో ఇంత పని చేసినందుకు మీ ఇళ్లలో తిట్లు పడి ఉంటే ఆ పాపం నాది.

కుర్చీలు సర్దినవారు, మైకు అద్దె తీసుకోనన్న సౌండ్ సిస్టం తమ్ముడు, వర్షం వస్తుందని తెలిసీ వచ్చినవారు, అందరికీ నమస్కారాలు.

రికార్డులన్నీ ఎవరివి వారికి చేరాయి. 'పెళ్లికానుక' కాగితపు కవరు ఒకటి నా దగ్గర ఉండిపోయింది, ఎవరిదో చెబితే తెచ్చిస్తాను. ఆగస్టు 16 జిక్కి వర్ధంతి. ఆ సాయంత్రం ఆమె పాటలు పెట్టుకుందామంటే మాస్టారు సరేనన్నారు. ప్లేయర్‌కు కొత్త ముల్లు మాత్రం ఎవరైనా సంపాదించాలట.