రోజా కొమ్మలు వంచిన నవలాకారిణి

ఒరేయ్ రఘూ,

విటా సాక్‌విల్ వెస్ట్ నవలలు చదివాను గానీ ఆవిడ తోట సంగతి ఎవరూ వివరంగా చెప్పరేం అని అడిగావు. తీరిగ్గా కూర్చుని చదువు మరి. "తోటలంటే ఆమెకు ప్రాణం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు అందరూ. దానివల్ల ఏం తెలుస్తుంది చెప్పు? రోజా కొమ్మని ఎలా కట్టారు, గడ్డి ఎప్పుడు కోశారు, అవి చూడాలి.

ఆమె పుట్టింది ఇంగ్లండులోని కెంట్‌లో, నోల్ అనే పెద్ద భవంతిలో. ఆడపిల్ల కాబట్టి అది ఆమెకు దక్కలేదు. 1930లో భర్త హెరాల్డ్ నికల్సన్‌తో కలిసి అదే కెంట్‌లో సిస్సింగ్‌హర్స్ట్ కొన్నది. అప్పటికి అక్కడున్నవి పాడుబడ్డ ఇటుక గోడలు, ఒక బురుజు, దురదగొండి తుప్పలు, చెత్త. దస్తావేజు చేతికి రాకముందే అక్కడి సౌత్ కాటేజ్ అనే చిన్న ఇంటి గోడ పక్కన 'మదాం ఆల్‌ఫ్రెడ్ కారియేర్' అనే తెల్ల తీగరోజా నాటించేసింది! తర్వాత దారులు, గోడలు, గీతలన్నీ హెరాల్డ్ చూసుకున్నాడు, వాటి మధ్య మొక్కలు కిక్కిరిసేలా నింపడం ఆమె పని.

ఇక రోజాల సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. బోర్బన్ రకం లాంటి పెద్ద పొద రోజాలు ఏటా మనిషెత్తు కొమ్మలు తోస్తాయి. నిలువుగా వదిలేస్తే పూలన్నీ కొసకే, కిందంతా బోడి కాడలు. కొస మొగ్గలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగుతూ కింది కళ్లను, అంటే కణుపుల దగ్గరి చిగురు మొగ్గల్ని, లేవనివ్వదు. కొమ్మను అడ్డంగా వంచితే ఆ పెత్తనం పోయి, కణుపు కణుపునా చిన్న రెమ్మ లేచి దాని చివర పువ్వు పూస్తుంది. క్లివ్‌డెన్ అనే ఎస్టేటు నుంచి 1939లో పెద్ద తోటమాలిగా వచ్చిన జాక్ వాస్ ఈ పద్ధతిని అక్కడ నిలబెట్టాడు.

ఎలా చేస్తారంటే, ఆకు రాలాక ముందు ఎండినవి, పుల్లల్లా ఉన్నవి, బాగా ముదిరిన కాడల్లో మూడో వంతు, మొదలంటా తీసేస్తారు. బొటనవేలి మందం, ఆరడుగుల పొడవు ఉన్న పచ్చి హేజెల్ (గింజకాయలు కాసే ఒక పొద చెట్టు) కర్రను విల్లులా వంచి రెండు కొసలూ జానెడు లోతున దిగేస్తే మోకాలెత్తు కమాను అవుతుంది. మొక్క చుట్టూ అలాంటివి నాలుగైదు, ఒకదాని కాలు ఇంకోదాని మీదికి ఎక్కేలా. తర్వాత పక్కరెమ్మల్ని రెండు మూడు కళ్లుంచి కత్తిరించి, ఒక్కో కొమ్మనూ వంచి కొసను కమానుకి పురికొసతో కట్టాలి. చెడేదంతా వంచే దగ్గరే. ఒక్కచోట పట్టి లాగితే ఫట్‌మని విరుగుతుంది. కింద బొటనవేలు ఆనించి, పొడవునా కొంచెం కొంచెంగా వంపు తేవాలి. నేల గడ్డకట్టే చలి రోజున అసలు ముట్టుకోకూడదు, కాడలు పెళుసుగా ఉంటాయి. ముడి బిగిస్తే వేసవిలో కాడ లావై పురికొస లోపలికి కోసుకుపోతుంది. ఎండు కర్ర వంగదు, కాబట్టి ఆ చలికాలం కొట్టినదే వాడాలి.

ఆ హేజెల్ కర్ర ఎక్కడిదంటావా? ఇంగ్లండు పల్లె అడవిలో హేజెల్ పొదని ఏడు నుంచి పదేళ్లకోసారి మొదలంటా నరుకుతారు. మోడు నుంచి మళ్లీ నిటారు కర్రలు లేస్తాయి. నరికిన చోట ఎండ నేలను తాకి, రెండో వసంతం నుంచి ప్రిమ్‌రోజ్‌లు, బ్లూబెల్‌లు విరగబూస్తాయి. అయిదారేళ్లకు పొద మళ్లీ దట్టమయ్యాక నైటింగేల్ అనే పాటపిట్ట దిగుతుంది. పశ్చిమాఫ్రికా నుంచి ఏప్రిల్‌లో వచ్చి జూన్ మొదటి దాకా పాడుతుంది. దానికి నేల దాకా చిక్కగా ఉన్న పొదే కావాలి, ఎందుకంటే గూడు నేలకి ఆనుకునే కడుతుంది. నరకడం మానేస్తే పొద పైకి పోయి కింద ఖాళీ అవుతుంది. జింకలు లేత చిగురు మేసేసినా అంతే. తోటకి కర్ర, అడవికి పూలు, పిట్టకి పొద, అన్నీ ఆ ఒక్క నరుకుడులోంచే రావడం ఎంత బాగుందో చూడు!

హెరాల్డ్ మాత్రం వసంతానికే ఒక దారి కట్టాడు, లైమ్ వాక్. రెండు వరసల లైమ్ చెట్లు (నిమ్మ కాదు, లిండెన్ అనే నీడచెట్టు), వాటి కింద డాఫడిల్, తులిప్, ఫ్రిటిలరీ దుంపలు. మే గడిచిందంటే అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, అది కావాలని చేసిందే. పక్కన హేజెల్ తోటలో చెట్ల కింద ప్రిమ్‌రోజ్ జాతికే చెందిన రంగురంగుల పాలియాంథస్‌లు తివాచీలా పరిచారు. ఏళ్ల తరబడి ఒకే నేలలో ఒకే మొక్క వేసేసరికి మట్టికి జబ్బు పట్టింది, 1970లలో వాటిని తీసేసి ఫెర్న్‌లు, అడవి మొక్కలు పెట్టాల్సి వచ్చింది.

పండ్లతోట గడ్డిలో డాఫడిల్‌లు ఉన్నాయి. దుంప ఎత్తుకి మూడింతల లోతున నాటడం, పూలు పోయాక కనీసం ఆరు వారాలు ఆకు కోయకపోవడం, అంతే సూత్రం. ముందే కోస్తే దుంపకి ఆహారం చేరక మరుసటి ఏడు వసంతంలో ఆకులే వస్తాయి, పువ్వు రాదు.

సిస్సింగ్‌హర్స్ట్‌లోనే తెల్ల పూలతో ఆమె వేసిన తెల్లతోట గురించి నీకు తెలిసే ఉంటుంది. ఆ తోట ఇంకా తయారు కాకముందే, 1950 జనవరిలో, అబ్జర్వర్ పత్రికలో ఆమె వారంవారం రాసే శీర్షికలో ఒక ఆశ రాసింది: వచ్చే వేసవిలో ఒక తెల్ల గుడ్లగూబ సాయంసంధ్యలో ఆ పాలిపోయిన పూల మీదుగా చప్పుడు లేకుండా ఎగరాలని. రెక్క ముందంచున ఉండే దువ్వెన పళ్లలాంటి ఈకలు కూడా దాని చప్పుడు తగ్గిస్తాయి. అది తిరగాలంటే పొలం ఎలుకలు దాగే పొడవాటి గడ్డి ఉండాలి. నున్నగా కోసిన పచ్చిక దాని దృష్టిలో ఎడారి. ఇంకోటి, తెల్ల పూలు మాత్రమే పెడితే కళ్లకి గుచ్చుకుంటాయి. అందుకే ఆర్టిమీసియా, స్టాకిస్ లాంటి బూడిదరంగు ఆకుల మొక్కలు మధ్యమధ్య వేయించింది. మధ్యలో బాదం చెట్ల మీదికి తీగరోజాలు ఎక్కించారు, ఆ బరువుకి చెట్లు చచ్చిపోయాయి. ఇప్పుడు ఇనుప పందిరి మీద మల్లిగానియై రోజా జులై మొదట్లో తెల్లగా కమ్మేస్తుంది.

కాబట్టి వెళ్లేముందు ఆలోచించుకో. లైమ్ వాక్, నైటింగేల్ కావాలంటే ఏప్రిల్ చివర. వంచిన రోజాలు కావాలంటే జూన్ నడిమి. రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు. ఏదంటావో రాయి.

నీ,
శ్రీను