కార్ల పన్ను బండి పొడవు మీద కాదు, తాగే ఇంధనం మీద వేయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో కొత్త ఫ్యామిలీ ఎస్‌యూవీల మీద పేజీ నిండా రాశారు. స్క్రీన్ ఎన్ని అంగుళాలో, సన్‌రూఫ్ ఎంత తెరుచుకుంటుందో అన్నీ ఉన్నాయి. ఏడుగురు కూర్చుని, ఏసీ వేసుకుని పోతే లీటరుకు ఎంత వస్తుందో మాత్రం ఒక్క లైను లేదు. నాది కావలి. పంతొమ్మిదేళ్లుగా సొంత బండి కిరాయికి తిప్పుకుంటున్నాను. తిరుపతి, శ్రీశైలం, చెన్నై ఆస్పత్రులు, పెళ్లిళ్లు. నాకు కావాల్సింది ఆ లైనే.

వానాకాలంలో రాత్రిపూట నాయుడుపేట నుంచి హైవే మీద వస్తే తెల్లారేసరికి బండి ముందు భాగమంతా పురుగులే. తడిగుడ్డతో తుడిచేటప్పుడు చూడండి. నిటారుగా ఉండే గ్రిల్లు మీద, నంబర్ ప్లేటు మీద మందంగా అంటుకుని, గోకితే గానీ రావు. బోనెట్ వాలుగా ఉన్నచోట నాలుగైదు కూడా కనపడవు. వాలు మీద గాలి పురుగును ఎత్తి పైనుంచి దాటించేస్తుంది. నిటారు గోడకైతే గాలీ కొట్టుకుంటుంది, పురుగూ కొట్టుకుంటుంది. ఇక వెనక్కి వెళ్తే అద్దం నిండా దుమ్ము. చక్రాల కింద లేచింది బండి వెనకాల సుడి తిరిగి అక్కడే కూర్చుంటుంది. అందుకే ఈ బండ్లకు వెనక కూడా వైపర్ పెడతారు, డిక్కీ ఉన్న కార్లలో చాలావాటికి ఆ అవసరమే రాదు. ఆ సుడి బండిని వెనక్కి లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడుకు డీజిల్ పోసేది నేను.

మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతోంది. "80 నుంచి 100కి పోతే గాలి అడ్డు పెరిగేది పాతిక శాతం కాదు నాన్నా, ఒకటిన్నర రెట్లు దాటుతుంది" అని లెక్క కట్టి చూపించింది. ఆ అడ్డు దెబ్బ నా పుస్తకంలోనూ కనపడుతోంది. ప్రతిసారీ ఒకే బంకులో ట్యాంకు నిండా కొట్టించి కిలోమీటర్లు రాసుకోవడం నా అలవాటు. ఇదే బండి 80లో పోతే లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చింది, 100లో పోతే 13కి దిగింది. తిరుపతి పోయి వచ్చే 400 కిలోమీటర్లకు ఆరు లీటర్ల తేడా. పైన ఖాళీ క్యారియర్ ఉన్నా ఇంకో కిలోమీటరు పోతోంది, అందుకే సామాను లేనిరోజు నట్లు విప్పి ఇంట్లో పెట్టేస్తాను.

ఎత్తు బండి వద్దనడం లేదు. ఉదయగిరి వైపు ఊళ్లలో తుపాను తర్వాత చప్టాల మీద నీళ్లు పారుతుంటే అడుగు తగలని బండే కావాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వంగకుండా ఎక్కి కూర్చుంటారు. గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ), సీటు ఎత్తు అలాగే ఉంచి ముక్కును వాలుగా చేయొచ్చు. అడుగున పైపులూ సైలెన్సరూ గాలికి తగలకుండా చదునుగా మూత వేయొచ్చు. మూడో వరుసలో వాళ్ల తలలు దాటాక టాపును కిందికి వంచి తోకను సన్నగా దించొచ్చు. షోకు కోసం 18 అంగుళాల పెద్ద, వెడల్పాటి చక్రాలు ఎందుకు? రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు నెత్తిమీద అద్దం ఎందుకు? ఆ బరువూ మోయాలి, లోపలికొచ్చే వేడికి ఏసీ కూడా ఎక్కువ పనిచేయాలి.

తోక సన్నగా దించాలంటే మాత్రం పొడవు కావాలి. అడ్డం వస్తున్నది అక్కడే. 2006 బడ్జెట్ నుంచి పన్ను లెక్కలో చిన్న కారంటే నాలుగు మీటర్ల లోపు ఉండాలి, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ మించకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటికి జీఎస్టీ 18 శాతం, అంతకన్నా పెద్దవాటికి 40. ఈ తేడా కోసం బండి వెనక భాగాన్ని కత్తితో కోసినట్టు నిలువుగా తెగ్గొడుతున్నారు. నాలుగు మీటర్లు దాటాక పొదుపుగా చేసినవాడికి మిగిలేదేమీ లేదు. మైలేజీ పరీక్షలో లీటరుకు 23 కిలోమీటర్లు దాటిన, పెట్రోలుతో పాటు కరెంటు మోటారు కూడా ఉన్న ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌కూ 40 శాతమే, అందులో సగం ఇవ్వని బండికీ 40 శాతమే. బండి కొలతలు చూసి కాకుండా, వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగుతుందో చూసి పన్ను వేస్తే డిజైన్ చేసేవాళ్ల చేతులు వాటంతట అవే ముక్కు మీదికి, తోక మీదికి పోతాయి.

ఆ 23 కూడా ఏసీ ఆపి, 90 వేగం దాటకుండా చేసిన పరీక్షలో వచ్చిన అంకె. మే నెలలో ఏసీ ఆపుకుని నెల్లూరు నుంచి ఒంగోలు పోయే కుటుంబాన్ని నేనింతవరకు ఎక్కించుకోలేదు.

నా బండి మీటరు మూడు లక్షల నలభై వేలు దాటింది. సంక్రాంతికి మార్చక తప్పదు. మళ్లీ కార్ల పేజీ వేసేటప్పుడు ఏడుగురిని ఎక్కించి, ఏసీ వేసి, హైవే మీద 100లో నడిపి, ఎంత ఇచ్చిందో ఆ అంకె వేయండి. పక్కన పెట్టి పోల్చుకోవడానికి నా పుస్తకం కావాలంటే పట్టుకుని వస్తాను.

– ఒక కిరాయి బండి డ్రైవర్, కావలి, నెల్లూరు జిల్లా