ఏటిగట్టు మీద నీ 120 గుర్రాలు

అంబాజీపేట,
ఆదివారం రాత్రి

ప్రియమైన బావకు,

నీ 120 గుర్రాల (హార్స్‌పవర్) టర్బో పెట్రోలు కారు నీకు అప్పగించి వారం కాలేదు, అప్పుడే నాలుగుసార్లు ఫోను చేశావు, ఎలా ఉందో చెప్పవేం అని. ఫోనులో చెప్పబోతే సగం మాట నా నోట్లో ఉండగానే నువ్వు అందుకుంటావు, నాకు ఒళ్లు మండుతుంది, అసలు సంగతి అలాగే ఉండిపోతుంది. అందుకే ఉత్తరం. ఇది చదువుతూ నువ్వు ఎంత అరిచినా నాకు వినబడదు.

ముందు ఒక నేరం ఒప్పుకోవాలి. మీరు తిరుపతి వెళ్లి వచ్చిన నాలుగు రోజులూ నీ కారు మా కొబ్బరి కొట్టులో నీడపట్టున ఉంటుందని చెల్లెమ్మకు మాట ఇచ్చాను. ఉండలేదు. 386 కిలోమీటర్లు తిరిగింది. తిరిగిన చోటల్లా ఏం జరిగిందో కొబ్బరి లెక్కల పుస్తకం చివరి పేజీల్లో రాసుకున్నాను. నా బుద్ధి దాచడం దేనికి, వంకలు వెతకాలనే ఎక్కాను. వచ్చినప్పుడల్లా నా స్విఫ్ట్‌ను డీజిల్ గానుగ అని వెక్కిరించావు కదా, ఊరుకుంటానా?

మొదటి వంక కొట్టు ముందే దొరికింది. స్టార్టు చేసి న్యూట్రల్‌లో ఉంచానో లేదో, నీ డాష్‌బోర్డు మీది తలూపే బొమ్మ నేనేమీ అనకుండానే ఔనౌనంటూ తలాడించడం మొదలుపెట్టింది. మూడు సిలిండర్ల ఇంజన్ తీరు అది. నాలుగు సిలిండర్లు ఉంటే క్రాంకు (ఇంజన్ ఇరుసు) సగం చుట్టు తిరిగేసరికల్లా ఒకటి మండుతుంది. మూడే ఉంటే 240 డిగ్రీలకు ఒకసారి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎక్కువ, ఆ ఎడం స్టీరింగ్ మీది వేళ్లకు తెలుస్తుంది. దొరికావురా అనుకుని రాసుకున్నాను. మొదటి గేరు వేసి కదిలించగానే బొమ్మ తలూపడం మానేసింది. ఆ మాటా రాసుకోక తప్పలేదు.

నా దాని పొద్దుటి వైభవం నీకు తెలియనిది కాదు. తాళం తిప్పి, మెలికల తీగలా ఉండే ఆ నారింజ దీపం ఆరేదాకా ఆగాలి. తర్వాత వచ్చే చప్పుడుకు పెరట్లో కొబ్బరిచెట్ల మీది కాకులన్నీ లేస్తాయి. మా ఆవిడకు, అదే మీ చెల్లెమ్మకు, అలారం అక్కర్లేదు. అయినా ఆ ఇంజన్ వంశం గొప్పది బావా. బానెట్ మీద సుజుకి గుర్తు ఉన్నా లోపల ఉన్నది ఇటలీ ఫియట్ వాళ్ల 1248 సీసీ మల్టీజెట్. డీజిల్‌ను ఒక్క దెబ్బకు కుమ్మరించకుండా చిన్న చిన్న చిమ్ముళ్లుగా పంపడం దాని విద్య. అలా చేయబట్టే పాత డీజిళ్ల కంటే మోత తగ్గింది (ఇది తగ్గిన మోతే, నమ్ము). అదే ఇంజన్ మారుతీకి, టాటాకు, ఫియట్‌కు, షెవర్లేకు కూడా పనిచేసింది. ఒకే వంటవాడు నాలుగు పెళ్లిళ్లలో వండినట్లు, ఎక్కడ తిన్నా చేయి ఎవరిదో తెలిసిపోయేది. 2020లో కొత్త పొగ నిబంధనలు వచ్చాక మారుతీ వాళ్లు డీజిల్ కార్లే మానేశారు. నేను 2008లో కొన్నది ఇంకా నడుస్తోంది.

ఇక అసలు పరీక్ష. నీకు హైదరాబాదులో అవుటర్ రింగు రోడ్డు ఉంది, 120 దాకా పోనిస్తారు. మాకు ఏమున్నాయి? ఒక పక్క గోదావరి, ఒక పక్క పల్లంలో కొబ్బరితోటలు, మధ్యలో ఏటిగట్టు. దాని మీద సగం వెడల్పున ధాన్యం ఆరబోసి ఉంటుంది, మిగతా సగంలో గేదెలు, బడి సైకిళ్లు, దింపు కాయలతో ట్రాక్టరు. ఆ రోడ్డు మీద గంటకు ముప్ఫై, నలభై కిలోమీటర్లు. ఆగు, కదులు, మళ్లీ ఆగు.

రెండో రోజు పొద్దున్నే గట్టు ఎక్కాను. మూడో గేరు, ముప్ఫై అయిదు. ముందున్న ఆటో పక్కకు తప్పుకుంది, కాలు నొక్కాను. నా కారులో అయితే ఈ చోట ఒక తతంగం ఉంటుంది. ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు చూపే ముల్లు 1500 దగ్గర ఉంటే టర్బోకు ఇంకా ఊపిరి అందదు. పొగగొట్టం గాలి దాని చక్రాన్ని తిప్పాలి, ఆ చక్రం ఇంజన్‌లోకి గాలి కూరాలి, అప్పుడు గానీ లాగుడు రాదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోవాలి. 1800 దాటగానే వెనక నుంచి ఎవరో వీపు మీద చరిచినట్లు ఒక్కసారి వస్తుంది. నీ కారులో లెక్కపెట్టడానికి నోరు తెరిచేలోపు ఆటో వెనక్కి పోయింది. పుస్తకంలో ఒక్క ముక్కే రాశాను: "పాడు."

ఆ రాత్రి లెక్కలు వేశాను. నువ్వు పొద్దస్తమానం చెప్పే 120 గుర్రాలు ఉన్నాయే, అవి ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరిగినప్పటి మాట. గట్టు మీద నాలుగు రోజుల్లో ముల్లు 3000 దాటింది రెండుసార్లు. టార్క్‌ను, అంటే ఇంజన్ మెలితిప్పే బలాన్ని, చుట్లతో గుణించి సుమారు 7000తో భాగిస్తే గుర్రాలు వస్తాయి కదా. నీ 172 న్యూటన్ మీటర్లను 2000 చుట్ల దగ్గర గుణించి చూడు, 49. అంటే మన గట్టు మీద నువ్వు కట్టింది యాభై గుర్రాలు కూడా కాదు. మిగతా డెబ్బై నీ వాయిదాల కాగితాల్లో మేస్తున్నాయి. నా 190ని అదే 2000 దగ్గర గుణిస్తే 54. మీసం మెలేసి దీపం ఆర్పి పడుకున్నాను.

నిద్ర పడితేగా. నా లెక్కలోనూ మోసం ఉందని అర్ధరాత్రి తట్టింది. ఇంజన్ దగ్గరి టార్క్ చక్రానికి ఉన్నదున్నట్లు చేరదు, గేరు దాన్ని పెంచి పంపుతుంది. డీజిల్ ఇంజన్ ఎక్కువ చుట్లు తిరగలేదు కనుక దాని గేర్లు పొడుగ్గా పెడతారు. నీది 6000 దాకా పరుగెత్తుతుంది కనుక పొట్టి గేర్లు పెట్టుకోవచ్చు. పొట్టి గేరు ఎక్కువ పెంచుతుంది. నేను ఇన్నేళ్లుగా 190 పెద్దది, 172 చిన్నది అని వాదించడం డొక్కతో ఉన్న కాయ సైజు చూసి బేరం ఆడినట్లుంది. కొబ్బరి వ్యాపారిని అయ్యుండి! డొక్క ఒలిచి చూస్తే ఇద్దరి కాయలూ ఇంచుమించు ఒకటే, నీ దానికి పీచు కొంచెం తక్కువ.

మూడో రోజు వంతెన మీద ఆశ పెట్టుకున్నాను. డెల్టాలో కొండలు ఎక్కడున్నాయి, ఎత్తు అంటే మాకు వంతెనే. ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వెళ్లి, యానాం వంతెన ఎక్కించాను, 2002లో తెరిచారే, బాలయోగి గారి పేరుది. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో రెండు బస్తాల కాయలు. నాలుగో గేరులోనే ఎక్కు చూద్దాం అన్నాను. ఎక్కింది. గేరు దించమని అడగనూ లేదు, మూలగనూ లేదు. కింద గౌతమి నిండుగా పారుతోంది, నాకు చూడబుద్ధి కాలేదు. నా కారూ ఆ వంతెన అలాగే ఎక్కుతుంది, కానీ నేను వెళ్లింది నీది ఎక్కదని చూడటానికి కదా.

నా పగ తీరింది బంకు దగ్గర. యానాం పుదుచ్చేరిది కనుక అక్కడ పన్ను తక్కువ, పెట్రోలూ డీజిలూ మన పక్క కంటే చవక. ఆ పూట ట్యాంకు నింపించుకోకుండా తిరిగి వస్తే మన జిల్లాలో పాపం చేసినట్లే. ట్యాంకు నిండా పోయించి లెక్క తీశాను. గట్టు మీద నీ కారు లీటరుకు పదమూడు ఇచ్చింది. నాది అదే తిరుగుడుకు ఇరవై ఒకటి. పుస్తకంలో ఈ రెండు అంకెల కింద రెండు గీతలు గీశాను. మిగతావి చెరిపేసినా అవి ఉంచుతాను.

ఘాట్ రోడ్డు మాటా ఇక్కడే ఒప్పేసుకుంటాను. 2011లో మనం మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు వెళ్లినప్పుడు, మలుపు మలుపుకూ రెండో గేరులో నా టర్బో నిద్రపోవడం, మొదటి గేరు వేసి లేపడం, వెనక నువ్వు నవ్వడం, అన్నీ గుర్తున్నాయి. అక్కడ నీదే రాజ్యం. దాని మీద వాదించను.

కొత్తపేటలో మన మెకానిక్ బాబాయి ఉన్నాడే, నీ కారు ఆయనకూ చూపించాను. బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. టాపెట్ల దగ్గర ఒకసారి, టర్బో దగ్గర ఒకసారి, గేరుపెట్టె పక్కన ఒకసారి. "బాగుంది. అబ్బాయి రాగానే చటుక్కున ఆపేస్తాడా?" అన్నాడు. నీ గుట్టు ఆయనకెలా తెలిసిందో! హైవే మీద తోలుకొచ్చిన బండిని నిలబెట్టగానే తాళం తీయొద్దట. టర్బో నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, దాన్ని చల్లబరిచేది ఇంజన్ నూనె, ఇంజన్ ఆగితే నూనె ఆగుతుంది. అర నిమిషం ఊరికే తిరగనిచ్చి ఆపమన్నాడు. ఇప్పటి టర్బోలకు నీళ్ల చల్లదనం కూడా ఉంది అంటావని నాకు తెలుసు. ఆయనకు నువ్వే చెప్పు, నాకంత ధైర్యం లేదు.

ఇంతవరకు రాసింది చదివి కాలరు ఎగరేస్తున్నావని తెలుసు. నాలుగో రోజు సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

పొద్దు వాలుతోంది. గట్టు మీద ముందు కొబ్బరి ట్రాక్టరు, దాని వెనక నేను. నా కారులో అయితే ఆ చోట దాటే ఆలోచనే రాదు. దాటాలంటే రెండో గేరు వేయాలి, ముల్లు పైకి తేవాలి, టర్బో లేచేదాకా ఎదురు చూడాలి. ఆ చూసేలోపు గట్టు మలుపు ఎంత దూరంలో ఉందో, ఎదురుగా ఎవరున్నారో కంటికి ఆనుతుంది. ఈ ఇన్నేళ్లలో నా కాలికి అదే అలవాటయింది. గేదె తోక ఆడిస్తే నేను రెండో గేరులో ఉంటాను. నీ కారుకు ఆ అవసరం లేదు. అనుకున్నాను, నొక్కాను, ట్రాక్టరు పక్కకు వచ్చేశాను. ఎదురుగా సైకిలు. తాటాకుల మోపు అడ్డంగా కట్టుకుని ఒక పెద్దాయన.

బ్రేకు మీద లేచి నిలబడ్డాను. నీ బ్రేకులకు దండం బావా. పెద్దాయన కాలు నేల మీద ఆనించి ఆగాడు. తాటాకు కొనలు నీ బానెట్‌కు మూరెడు దూరంలో ఊగుతున్నాయి. తిడతాడనుకున్నాను. కారును ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "కొత్త బండా?" అన్నాడు. అంతే, మోపు సర్దుకుని వెళ్లిపోయాడు. ట్రాక్టరు వెనకాలే, రెండో గేరులో, ఇంటిదాకా వచ్చాను. చేతుల వణుకు కొట్టు దగ్గర టీ తాగేదాకా తగ్గలేదు.

అప్పుడు నాన్నగారి అంబాసిడర్ గుర్తొచ్చింది. ఎందుకో చెబుతాను. 1489 సీసీ పెట్రోలు, నీ దానిలో సగం గుర్రాలు కూడా లేవు. కానీ బోరు (సిలిండరు వెడల్పు) 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 89, పొడుగు స్ట్రోకు ఇంజన్. మనిషి నడకంత వేగం నుంచి మూడో గేరులో గుడగుడమంటూ లాగేది. అడిగిన వెంటనే పలికేది, పలికేది మాత్రం తక్కువ. స్టీరింగ్ పక్కన గేరు కర్ర, ముందు సీటు మీద ముగ్గురు, ఒక పెళ్లికి తొమ్మిది మందిని లంకలోకి తీసుకెళ్లిన బండి. బ్రేకులు ఎలా ఉండేవంటే, నాన్నగారు గన్నవరం అక్విడక్టు (కాలువ వంతెన) కనబడగానే ఇవతలి నుంచే కాలు తీసేసేవారు. మనం వెనక కూర్చుని నవ్వేవాళ్లం. 2014లో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో ఆ కారు తయారీ ఆగిపోయిందని పేపర్లో చదివిన రోజు ఆయన షెడ్డులోకి వెళ్లి దాన్ని తుడిచారు, ఎవరితోనూ ఏమీ అనలేదు.

సరే, నీ ప్రశ్నకు జవాబు: నీ కారు నా కారు కంటే మంచిది. గట్టు మీద లాగుడులో, వంతెన మీద, ఘాట్ రోడ్డులో, మూడింటా. ఖర్చులో మాత్రం నాదే. ఈ వాక్యం కత్తిరించి గోడకు తగిలించుకున్నా నాకు అభ్యంతరం లేదు. నేను మాత్రం ఈ గట్ల మీద ఉన్నంతకాలం నా గానుగనే తిప్పుకుంటాను. నాకు ఆ రెండు సెకన్లు కావాలి.

మా పక్కింటి రొయ్యల చెరువుల ఆసామి ఈ మధ్య కరెంటు కారు కొన్నాడు. దానికి సున్నా చుట్ల నుంచే పూర్తి లాగుడు, గేర్లు మార్చే పని లేదు, చప్పుడు లేదు. దాన్ని తలుచుకుంటే నాకు నీ దాని కంటే భయం వేస్తోంది. సంక్రాంతికి నువ్వు వస్తే మూడింటినీ గట్టు ఎక్కిద్దాం, కానీ తెల్లవారుజామున, సైకిళ్లు రాకముందు.

వచ్చేటప్పుడు డ్రైవరు సీటు కింద చేయి పెట్టి చూడు. నా చదువుకునే కళ్లజోడు అక్కడే జారిపోయి ఉంటుంది, బ్రేకు కొట్టినప్పుడు. ఈ ఉత్తరమంతా మీ చెల్లెమ్మ కళ్లజోడు పెట్టుకుని రాశాను, అక్షరాలు వంకరపోతే అదీ కారణం. పిల్లలకు తాపేశ్వరం కాజాలు తీసి ఉంచుతాను.

నీ
డీజిల్ గానుగ ఆసామి

మరో మాట: బానెట్ మీద ఎడమ పక్క సన్నటి గీత ఒకటి ఉంటుంది. అది తాటాకుది కాదు, మా పిల్లిది.