మన కాలనీ సంఘం వార్షిక నివేదిక 2024-25: ఈ చలికాలం పిట్టల కోసం చేసిన ప్రయాణాలు

సభ్యులందరికీ నమస్కారం.

పార్కులో లైట్లు, మంచినీటి పైపుల మరమ్మతు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఖర్చులన్నీ కోశాధికారి గారి లెక్కల్లో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టింది పక్షుల ప్రయాణాలు. వచ్చే చలికాలం వాటిని ఎలా నడపాలో సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి. అందుకే వాటి గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆలోచన కార్తీక వనభోజనాల దగ్గర పుట్టింది. ఏటా ఏదో ఒక తోటకి వెళ్లి, మైకు పెట్టి, హౌసీ ఆడి, భోంచేసి వచ్చేస్తున్నాం. పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ పుట్టినరోజు నవంబరు 12 ఈసారి కార్తీకంలోనే పడింది. ఆ తర్వాతి ఆదివారం విశాఖ దగ్గర సరస్సు అయిన కొండకర్ల ఆవ ఒడ్డున వనభోజనం పెట్టుకుందామని, మైకు వద్దని అనుకున్నాం. మైకు లేకపోతే పిల్లలకి బోర్ కొడుతుందని కొందరు అన్నారు. పిల్లలకి బోర్ కొట్టలేదు కానీ, ఆ ప్రయాణాన్ని మేమే సరిగా వేసుకోలేదు. ముందు ముడసర్లోవ జలాశయం, తర్వాత మేఘాద్రి గెడ్డ జలాశయం, ఆఖర్న కొండకర్ల అని ఒక్క రోజులో మూడు చోట్లు పెట్టాం. బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. కొండకర్ల చేరేసరికి పదకొండు దాటింది. పులిహోర బాగుంది, పిట్టలు మాత్రం దూరంగా నల్లటి చుక్కల్లా కనిపించాయి. దోనె నడిపే ఒకాయన మమ్మల్ని చూసి, "ఎండెక్కిపోయాక ఏటి కనిపిస్తాయి బాబూ, అన్నీ తుంగలోకి పోతాయి. తెల్లారకముందే రండి" అన్నాడు.

ఆ మాట పట్టుకుని జనవరిలో, పండగ వెళ్లాక, మళ్లీ అక్కడికే వెళ్లాం. ఈసారి ఇంకెక్కడా ఆగలేదు. నాలుగింటికి బయల్దేరితే చీకటి ఉండగానే చేరాం. మంచు విడుతుంటే ముందు గొంతులు వినిపించాయి, తర్వాత ఒక్కొక్కటే ఆకారాలు కనిపించాయి. నీలి నీటికోళ్లు పొడవాటి కాలి వేళ్లతో తుంగను పట్టుకుని ఎక్కుతున్నాయి. నత్తగుల్ల కొంగలు మధ్యలో సందున్న ముక్కుతో అడుగు బురదలో వెతుక్కుంటున్నాయి. జకానాలనే నీటిపిట్టలు తామరాకుల మీద నడుస్తున్నాయి. వాటిలో నెమలిలాంటి పొడుగు తోక ఉండేది ఒకటుంది, కానీ ఆ తోక వేసవిలో గుడ్లు పెట్టే కాలానికే వస్తుందట. మన పిల్లలు తోక కోసం చాలాసేపు వెతికారు.

తాటి దోనెలో ఇద్దరిద్దరం చొప్పున లోపలికి వెళ్లాం. సూదితోక బాతులు ఒక మూల గుంపుగా కూర్చుని ఉన్నాయి. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారి లేచాయి. దోనెకి బెదిరాయేమో అనుకున్నాం. తల పైకెత్తితే చిత్తడి గద్ద ఒకటి తుంగ మీదుగా తక్కువ ఎత్తులో తిరుగుతోంది. అది కూడా ఈ బాతుల్లాగే ఉత్తరాన ఉన్న చలి దేశాల నుంచి చలికాలానికి వచ్చిన చుట్టమే. అక్కడ చలికాలం చెరువులు గడ్డకట్టి మేత దొరకదు. 17 డిగ్రీల అక్షాంశం దగ్గరున్న మన చెరువులు ఎప్పుడూ గడ్డకట్టవు, పైగా వానలు వెళ్లాక నిండుగా ఉంటాయి. అందుకే మధ్య ఆసియా వలస దారిన ఇంత దూరం వస్తాయి. కొల్లేరు తర్వాత రాష్ట్రంలో పెద్ద మంచినీటి సరస్సు కొండకర్లేనంటారు. విశాఖ నుంచి 50 కిలోమీటర్ల లోపే ఉన్న ఈ చోటుని మనలో చాలామంది ఇన్నేళ్లుగా చూడకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఫిబ్రవరి మొదట్లో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వెళ్లాం. ఇక్కడ ఒక మాట సరిచేయాలి. మన వాట్సాప్ గ్రూపులో "సైబీరియా కొంగలను చూడటానికి" అని పెట్టాం. అక్కడి గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు సైబీరియావి కావు. మన దక్షిణాసియా పక్షులే, మన చెట్ల మీదే గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. ఆ ఊరివాళ్లు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఇళ్ల మధ్య చింతచెట్ల మీద అంత పెద్ద పక్షులు పిల్లలకి మేత పెడుతుంటే, కింద జనం తమ పనులు తాము చేసుకుంటున్నారు.

అరకు దారిలోని అనంతగిరికి వెళ్లినప్పుడు ఒక తప్పు జరిగింది. మనలో ఒకరు ఫోన్లో పిట్ట కూత పెట్టారు. ఆ పిట్ట తన చోటులోకి వేరే పిట్ట వచ్చిందనుకుని కొమ్మ కొమ్మకీ ఎగురుతూ కంగారుపడింది. ఇకమీద మన ప్రయాణాల్లో కూతలు పెట్టకూడదని, గూళ్ల దగ్గర ఫ్లాష్ వేయకూడదని కార్యవర్గం తీర్మానించింది. అనంతగిరి ఉన్న ఈ తూర్పు కనుమల్లో అబాట్స్ బాబ్లర్ అనే చిన్న గోధుమరంగు పిట్ట ఉంది. దాని జాతివాళ్లు మిగతా ఎక్కువగా ఈశాన్య భారతంలో, ఆగ్నేయాసియాలో ఉంటారు. ఇక్కడి రకానికి 1985లో మన విశాఖ పక్షి పరిశోధకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరు పెట్టారు. మాకు అది కనిపించలేదు. దాని కోసమైనా మళ్లీ వెళ్లాలి.

ఫిబ్రవరిలోనే ఎవరి చుట్టుపక్కల పిట్టల్ని వాళ్లు లెక్కపెట్టే నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరిగింది. పిల్లలు మేడల మీద పదిహేనేసి నిమిషాలు కూర్చుని, చూసినవన్నీ పక్షుల జాబితాలు దాచే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించారు.

వచ్చే చలికాలానికి కార్యవర్గం ప్రతిపాదన ఇది: కొత్త చోట్లు పెంచకుండా కొండకర్లకే నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో ఒక్కోసారి వెళ్లడం, ప్రతిసారీ జాబితా రాయడం. ఒకే చోటు పదేపదే చూస్తేనే ఏది వచ్చిందో, ఏది రాలేదో తెలుస్తుంది.

ఇంకొకటి. మన కాలనీ చివర ఖాళీ స్థలంలో ముళ్లపొద మీద చలికాలమంతా బ్రౌన్ ష్రైక్ అనే చిన్న వలస పిట్ట ఒకటి కూర్చుంది. ఈ పక్షులు ఈశాన్య ఆసియా నుంచి వచ్చి, చాలాసార్లు ఏటా అదే చోటు చేరుకుంటాయి. పాముల భయంతో ఆ స్థలం చదును చేయించమని ఫిర్యాదు వచ్చింది. యజమాని గారితో మాట్లాడి రోడ్డు వైపు మాత్రం శుభ్రం చేయించి, వెనక మూల పొద ఉంచాం. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆ పిట్ట కనిపిస్తే తేదీ, టైమ్ రాయండి. రిజిస్టరు వాచ్‌మన్ దగ్గర ఉంది.

- కార్యదర్శి