పద్యం లేని ‘అక్షరరమ్యత’

సంపాదకులకు నమస్కారం.

రాజమహేంద్రవరంలో భారతం తెనిగించిన నన్నయపై మన కోనసీమ విద్యార్థుల వ్యాసాల్లో ‘అక్షరరమ్యత’ (అక్షరాల కూర్పులోని వినసొంపు) అన్న మాట ఉంటుంది, రుజువు ఉండదు. అరణ్యపర్వంలోని ‘శారదరాత్రు లుజ్జ్వల లసత్తర తారక హార పంక్తులం’ అనే ఒక్క పాదం చాలు. ‘త్రు’తో కలిపి రేఫ (‘ర’ ధ్వని) ఆరుసార్లు మోగిందని లెక్కపెట్టి చూపాలి. అప్పుడే అది వాదన. పద్యమంతా దించి తాత్పర్యం రాస్తే కాగితం నిండుతుందంతే. పాదం ఒకటైతే వివరణ నాలుగు వాక్యాలుండాలి. పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్యతోపాటు ఏ ముద్రణో కూడా రాయాలి. ‘కన్యాశుల్కం’ 1897 కూర్పు వేరు, బాగా మార్చిన 1909 కూర్పు వేరు. గైడులోంచి ఎత్తిన పద్యంలో ఒక్క గురువు లఘువైనా గణం చెడి, ఛందస్సుపై చేసిన వాదన కూలుతుంది. మూలగ్రంథంతో సరిచూసుకోమని అధ్యాపకులు పట్టుబట్టాలి.

– తెలుగు అధ్యాపకులు, అమలాపురం